ఇల్లు మనదే... మరి ఆపద?

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇంట్లో ఒక వాటా బాడుగకిచ్చి చూడు అని మూడోది కూడా చేర్చి ఉండాల్సింది. ఆ రోజుల్లో బహుశా ఇన్ని బాడుగ ఇళ్లు లేవు. ఇప్పుడు మన ఊళ్లలో నాలుగు గోడలు లేపుకున్న మధ్యతరగతి కుటుంబం పైన మిద్దె వేసి, బ్యాంకు అప్పు తీరడానికో, రిటైరయ్యాక చేతిఖర్చుకో ఒక పోర్షను బాడుగకిస్తూనే ఉంది. అగ్రిమెంటు మీద సంతకం ఆయనది. డబ్బు పడేది ఆయన ఖాతాలో. రాత్రి పదకొండు గంటలకు "అక్కా, మోటరు కాడ పొగ వస్తాంది" అని తలుపు కొట్టేది మాత్రం మనకోసమే. ఇంట్లో ఉండేది మనమే కదా మరి!

టులెట్ బోర్డు పెట్టేటప్పుడు మనం ఏమేం ఆలోచిస్తాం? ఎంతమంది ఉంటారు, ఏం ఉద్యోగం, నీళ్లు ఎక్కువ వాడతారా, గోడలకు మేకులు కొడతారా... (ఏం తింటారు, మీరేమిట్లు అన్న ఆరాలు సరేసరి. వాటి గురించి ఇంకోసారి తీరిగ్గా పోట్లాడుకుందాం.) ఇంట్లోకి వరద వస్తే, బోరు ఎండిపోతే, మంచాన పడితే, మనిషి పోతే ఎవరు ఏం చేయాలన్న మాట మాత్రం ఇటువారూ ఎత్తరు, అటువారూ ఎత్తరు. గృహప్రవేశం రోజున అశుభం ఎందుకు పలకాలని కాబోలు.

నా పుట్టిల్లు కర్నూలు, మెట్టినిల్లు కడప. ఈ రెండు ఊళ్ల పేర్లూ కలిపి పెట్టుకున్న కె.సి. కెనాల్ లాగా నేనూ అటూ ఇటూ పారుతూనే ఉంటాను. రెండుచోట్లా బాడుగ ఇళ్ల ముచ్చట్లు కావలసినన్ని విన్నాను. అసలు కర్నూలుకు బాడుగ ఇళ్ల కరువు కొత్తదేం కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినప్పుడు ఆఫీసులకే చోటు చాలక గుడారాలు వేశారు. ఆ ఆఫీసుల్లో పనిచేయడానికి మద్రాసు నుంచి వచ్చినవాళ్లు ఇళ్ల కోసం ఎన్ని గడపలు ఎక్కి దిగారో ఊహించుకోవచ్చు. మూడేళ్లకు, 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు వెళ్లిపోయింది. కర్నూలుకు వచ్చిన అతి పెద్ద కిరాయిదారు అదేనని మా తాతగారు నవ్వేవారు.

మిద్దె తాళంచెవి ఎవరి దగ్గరుంది?

2009 అక్టోబరు 2. గాంధీ జయంతి సెలవు. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒక్కసారే పొంగాయి. అటు శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చి పడుతోంది. రెండు నదుల సంగమంలో ఉన్న కర్నూలు పాతబస్తీలో నీళ్లు గడపలు దాటి, కిటికీలు దాటి, చాలాచోట్ల మొదటి అంతస్తును అందుకున్నాయి. తాగునీటి కోసం బిందెలు మోసే ఊరు నీళ్లలో మునిగింది. చెబితే నమ్మేట్టు లేదు గానీ, ఆ బురద కడిగిన చేతులు ఇంకా మన మధ్యే ఉన్నాయి.

ఆ రోజుల గురించి మా బంధువుల వీధిలో రెండు ఇళ్ల సంగతి చెబుతారు. ఒక ఇంట్లో ఓనర్లు పైన, కింద రెండు కుటుంబాలు. ఆ ఇంటి లోపలి మెట్లకు ఒక తలుపుండేది. మామూలు రోజుల్లో దానికి ఎప్పుడూ గడియే. నీళ్లు చావిట్లోకి రాగానే ఆ ఓనరమ్మ తలుపు బార్లా తీసి, "పిల్లోల్లను ముందు పైకి పంపండి, సామాన్లు మల్ల చూసుకుందాం" అని కేక వేసిందట. పద్నాలుగు మంది పైన రెండు గదుల్లో సర్దుకున్నారు. అటుకులు, బెల్లం, ఊరగాయ జాడీ. మడి కట్టుకునే అత్తగారు కూడా ఆ మూడు రోజులూ నోరెత్తలేదట!

అదే వీధిలో ఇంకో ఇల్లు. ఓనర్లు ఊళ్లో లేరు. మిద్దె మెట్లకు ఇనుప గేటు, దానికి తాళం. వడియాలు పెడితే తొక్కుతారనీ, పిల్లలు పైకెక్కి గోల చేస్తారనీ వేసిన తాళమది. మన ఇళ్లలో లేనిదేం కాదు. కింద ఉన్నవాళ్లు గేటు విరగ్గొట్టలేక, పక్కింటివాళ్లు గోడ మీదుగా అందించిన నిచ్చెన పట్టుకుని అటువైపు ఎక్కారు. ఆరునెలల పసిబిడ్డను చీరలో మూటగట్టి అందించుకున్నారు. ప్రాణాలు దక్కాయి. కానీ ఆ తర్వాత ఆ ఓనర్లకూ వాళ్లకూ మాటల్లేవు.

వడియాలు తొక్కినా పరవాలేదు, మిద్దె తాళంచెవి ఒకటి కింద పోర్షనులో ఉండాలి. కావాలంటే అద్దాల పెట్టెలో పెట్టి, అవసరానికే తీయమని చెప్పండి. కడప వాళ్లు ఇది కర్నూలు గొడవ అనుకోనక్కర్లేదు. 2020 నవంబరులో నివర్ తుపాను వానలకు బుగ్గవంక పొంగి కడపలో కాలనీల్లోకి నీళ్లు వచ్చాయి. మరుసటి ఏడు, 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. మనది కరువు సీమే. అయితే మన వంకలు ఏడాదంతా ఎండి ఉండి, ఒక్క రాత్రిలో వస్తాయి. ఎండిపోయిన వంక పక్కన ఇల్లు కట్టుకున్నవాళ్లకు అది వంక అన్న సంగతే గుర్తుండదు.

బురద ఎవరు కడగాలి, బాడుగ ఎవరు కట్టాలి?

నీళ్లు తీశాక మొదలవుతాయి అసలు తగాదాలు. 2009లో ఇంటింటా ఇదే ప్రశ్న. మోకాలెత్తు బురద, తడిసి ఉబ్బిన తలుపులు, షాక్ కొట్టే గోడలు. ఇంట్లో కాలు పెట్టడానికే లేనప్పుడు ఆ నెల బాడుగ అడగొచ్చా? "ఇల్లు నాది, నష్టం నాకూ వచ్చింది, బాడుగ కూడా పోతే ఎట్లా?" అంటాడు ఓనరు. "సామాన్లన్నీ పోయినాయి, బాడుగ యాడ్నుంచి తెచ్చేది?" అంటారు వాళ్లు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. కొందరు రెండు నెలల బాడుగ వదిలేశారు. కొందరు అడ్వాన్సులో పట్టుకున్నారు. బురద కూలీల ఖర్చు చెరిసగం వేసుకున్నవాళ్లూ ఉన్నారు.

చట్టం ఏమంటుందో తెలుసుకుంటే గొంతులు కాస్త తగ్గుతాయి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం అగ్నిప్రమాదం, తుపాను, వరదల వంటివాటితో ఇల్లు ఇక నివాసానికి పనికిరాకుండా పోతే, అద్దె ఒప్పందాన్ని రద్దు చేసుకునే వీలు అద్దెకున్నవారికి ఉంటుంది. 2021లో కేంద్రం రాష్ట్రాలకు మాదిరిగా ఇచ్చిన నమూనా అద్దె చట్టం ఇంకా విడమరిచి చెప్పింది. ప్రకృతి విపత్తు వల్ల ఇల్లు ఉండటానికి వీల్లేకుండా అయితే, యజమాని దాన్ని బాగు చేయించి ఇచ్చేదాకా అద్దె అడగకూడదు. అడ్వాన్సు విషయంలో కూడా అది ఇళ్లకు రెండు నెలల అద్దె మించకూడదంది. అది నమూనాయే, కోర్టు మెట్లెక్కేవాళ్లు లాయరు దగ్గర కూర్చోవాలి. అయితే వీధి అరుగు మీద తగువు తీర్చడానికి అంతకంటే మంచి కొలత నాకు కనిపించలేదు.

మరమ్మతుల సంగతీ అందులో ఉంది. గోడలు, శ్లాబు, సున్నం, నీళ్ల పైపులు మార్చడం, కరెంటు వైరింగు ఓనరు వంతు. కొళాయి వాషర్లు, స్విచ్చులు, పగిలిన కిటికీ అద్దం, మోరీ శుభ్రం ఉన్నవాళ్ల వంతు. ఈ నాలుగు ముక్కలు అగ్రిమెంటులో రాసుకుంటే సగం తగాదాలు పుట్టవు. ఎటూ పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకుంటూనే ఉన్నాం. (ఏడాది దాటితే రిజిస్ట్రేషను చేయించాలి గనుక ఆ పదకొండు!) స్టాంపు పేపరు అమ్మేచోట టైపు కొట్టిన పాత నకలు మీద పేర్లు మార్చి సంతకం పెట్టేస్తాం. అందులో ఏముందో ఇద్దరూ చదవరు.

ఇంకో చిన్న మాట. బాడుగకు రసీదు ఇవ్వండి. వరద సాయానికి పేర్లు రాసుకోవడానికి వచ్చినప్పుడు బాడుగకున్నవాళ్ల రేషను కార్డు ఇంకో ఊరిదై ఉంటుంది. ఈ ఇంట్లో వీళ్లే ఉన్నారని చెప్పడానికి ఓనరు మాట, ఆ రసీదు ముక్క తప్ప వాళ్ల దగ్గర ఏముంటాయి? ఫోనులో డబ్బు పంపే ఈ రోజుల్లో రసీదెందుకంటారా, "అక్టోబరు బాడుగ" అని ఒక ముక్క మెసేజీలో రాయించుకున్నా చాలు.

ఇన్సూరెన్సు సంగతి ఎవరైనా చెబుతుంటే మనం పక్కకు జరిగిపోతాం. 2021 ఏప్రిల్ నుంచి ఇన్సూరెన్సు కంపెనీలన్నీ భారత్ గృహ రక్ష అని ఒకే తరహా పాలసీ అమ్ముతున్నాయి. వరద, అగ్నిప్రమాదం, భూకంపం అందులో వస్తాయి. ఇల్లు పాడై బాడుగ పోతే ఆ నష్టం కూడా వస్తుంది. ఓనరు ఇంటికి చేయించుకుంటే, బాడుగకున్నవాళ్లు తమ సామాన్లకు విడిగా చేయించుకోవచ్చు.

పాత ఇళ్ల విషయం చెప్పక తప్పదు. 2021 నవంబరు వానల్లోనే కడప పట్టణంలో మూడంతస్తుల పాత భవనం ఒకటి కూలింది. లోపల చిక్కుకున్న తల్లీబిడ్డలను పోలీసులు, ఫైరు సిబ్బంది బయటికి తీశారు. సన్నటి బీట కనిపిస్తే పైన సున్నం పూయించి "గాలీ వెలుతురూ బాగుంటుంది, తీసుకోండి" అనకూడదు. ఒక ఇంజనీరును పిలిచి చూపించడానికి అయ్యే ఖర్చు, ఒక నెల బాడుగకు మించదు.

వానాకాలం ముందు మెయిన్ స్విచ్ ఎక్కడుందో బాడుగకున్న ఇల్లాలిని తీసుకెళ్లి చూపించండి. నీళ్లు గడప ఎక్కేలోపు అది ఆపాలి, గ్యాసు రెగ్యులేటరు కట్టేయాలి. గ్యాసు వాసన వస్తే 1906, కరెంటుకు 1912, దేనికైనా 112. ఈ నంబర్లు ఆమె ఫోనులోనే కాదు, మీటరు పక్కన గోడ మీద కూడా రాసి ఉంచితే మేలు. ఫోనులో చార్జింగు లేని రోజే ఇవన్నీ కావాల్సి వస్తాయి.

బోరు ఎండిన ఏప్రిల్

వరద పుష్కరానికోసారి వస్తుంది. నీటి ఎద్దడి ఏటా వస్తుంది. ఏప్రిల్ సగంలోకి రాగానే బోరు గుర్రుమని గాలి కక్కుతుంది, మోటరు కాలుతుంది. కొళాయి రోజు విడిచి రోజు, అదీ తెల్లవారుజామున. కిందా పైనా కలిపి ఒకే సంపు. ఎవరి గిన్నెల చప్పుడు ఎవరికి వినబడినా అనుమానమే. "పైన వాళ్లు రోజూ బట్టలు ఉతుకుతాండారు" అని కింద, "కింద వాళ్లు వాకిలి పైపుతో కడుగుతాండారు" అని పైన.

మా కడప వీధిలో ఒకామె చేసిన ఏర్పాటు నాకు నచ్చింది. మార్చి నెలాఖరులోనే మూడు వాటాల వాళ్లనూ కూర్చోబెట్టి టీ ఇచ్చింది. ట్యాంకరు తెప్పిస్తే ఇంటికింత అని కాదు, మనిషికింత అని లెక్క. చంటిపిల్లలున్న ఇంటికి రెండు బిందెలు ఎక్కువ. ట్యాంకరు వచ్చిన తేదీ, ఇచ్చిన డబ్బు సంపు మూత పక్కన బొగ్గుతో రాస్తుంది. మోటరు కాలితే ఖర్చు మాత్రం ఆమెదే. "మోటరు నాది, దాహం అందరిది" అంటుందామె.

నీళ్లను కొరడాలాగా వాడే ఓనర్లూ ఉన్నారు. బాడుగ ఆలస్యమైతే పైకి వాల్వు తిప్పేస్తారు, ఫ్యూజు తీసేస్తారు. పసిపిల్లలున్న ఇంటికి మే నెలలో నీళ్లు ఆపడం ఎంత పాపమో అట్లా ఉంచండి, అది చట్టం ఒప్పే పని కూడా కాదు. 1960 నాటి మన రాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం ఓనర్లను అట్లాంటి సదుపాయాల జోలికి వెళ్లొద్దంది. 2021 నమూనా చట్టమూ అదే చెప్పింది. వాళ్లు ఊరెళ్లినప్పుడు మన తాళం వేసేయడం కూడా ఇదే కోవలోకి వస్తుంది.

అట్లాగని బాడుగ ఎగ్గొట్టేవాళ్లను నెత్తిన పెట్టుకోమనడం లేదు. ఉద్యోగం పోయినవాడికీ, ఉండి ఇవ్వనివాడికీ తేడా ఓనరమ్మకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. వాళ్లింటి చెత్తబుట్టే చెబుతుంది! మొదటివాళ్లకు గడువు ఇవ్వండి, ఎంత ఇస్తే అంత తీసుకుని పుస్తకంలో రాసి వాళ్ల సంతకం పెట్టించుకోండి. రెండోవాళ్లకు లాయరు నోటీసు పంపండి. నెల నెలా బాడుగకున్నవాళ్లను ఖాళీ చేయమనడానికి చట్టం అడిగేది పదిహేను రోజుల నోటీసు. కేకలూ, వీధి పెద్దమనుషులూ, తమ్ముడి స్నేహితులూ అక్కర్లేదు.

2020 గుర్తుందా? ఏప్రిల్ నెలలో రాష్ట్రంలో కరోనా కేసులు ఎక్కువున్న జిల్లాల్లో కర్నూలు ముందువరుసలో ఉండేది. కూలీల దగ్గర నెలరోజులు అద్దె అడగొద్దనీ, కూలీలనూ విద్యార్థులనూ ఖాళీ చేయించొద్దనీ మార్చి 29న కేంద్ర హోంశాఖ ఉత్తర్వు ఇవ్వవలసి వచ్చింది. ఉత్తర్వు ఇచ్చి చెప్పాల్సి వచ్చిందంటే మనం ఎట్లా ఉన్నామో చూసుకోండి. ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మలను దేశంలో చాలాచోట్ల ఇల్లు ఖాళీ చేయమన్నారు. ఇంట్లో చిన్నపిల్లలు, ముసలివాళ్లు ఉన్నారని భయం. భయం అబద్ధం కాదు. కానీ రాత్రంతా వార్డులో నిలబడి వచ్చిన మనిషికి గేటు దగ్గర తన పెట్టె కనబడటం ఏమిటి?

చావిట్లో మంచం

అన్నిటికంటే కష్టమైన సంగతి చివరికి ఉంచాను. బాడుగ ఇంట్లో మనిషి పోవడం.

ఈ మాట అగ్రిమెంటులో ఉండదు, కానీ ఓనర్లందరి మనసులో ఉంటుంది. మంచంలో ఉన్న ముసలాయన ఉన్నారంటే ఇల్లు ఇవ్వడానికే వెనకాడతారు. నక్షత్రం మంచిది కాదని, ధనిష్ఠా పంచకమని తేలిందా, ఇల్లు కొన్ని నెలలు మూసిపెట్టాలంటారు. ఆ మూసిన నెలల బాడుగ కూడా పోయినవాళ్ల మీదే పడుతుంది. అందుకే పెద్దాసుపత్రిలో మనిషి పోతే చాలామంది బాడుగ ఇంటివాళ్లు శవాన్ని ఇంటికి తీసుకురాకుండా అటునుంచటే సొంతూరికి తీసుకుపోతారు. సొంతూళ్లో కూడా ఇల్లు లేనివాళ్లు నేరుగా శ్మశానానికే. బతికినన్నాళ్లూ బాడుగ కట్టిన గడపలోకి చివరిసారి వచ్చే వీలుండదు. ఆడవాళ్లు వీధిలో, వేపచెట్టు కింద కూర్చుని ఏడుస్తుంటే చూశాను నేను.

కర్నూలులో మా అమ్మావాళ్ల పక్కింట్లో రిటైరైన మేష్టారు ఒకాయన భార్యతో బాడుగకుండేవారు. పిల్లల్లేరు. ఒకరోజు తెల్లవారుజామున ఆసుపత్రిలో ఆయన పోయారు. ఆమె ఓనరమ్మకు ఫోను చేసి, "పిన్నమ్మా, యాడికి తీస్కపోదును?" అని మాత్రం అడిగింది. ఓనరమ్మ కొడుకు అడ్డం చెప్పాడు. కోడలు నిండు చూలాలు, ఇంట్లో వద్దన్నాడు. ఆయన భయం ఆయనది, తప్పు పట్టలేం. ఓనరమ్మ కాసేపు ఊరుకుంది. కోడలిని రిక్షా ఎక్కించి చెల్లెలింటికి పంపింది. తర్వాత చావిట్లో తన నవారు మంచం తానే వాల్చి, గోడవైపు జరిపి, ఆమెకు ఫోను చేసి "ఇంటికి తీస్కరా" అంది.

వీధిలో ఒకరిద్దరు ముక్కు మీద వేలేసుకున్నారు. పురోహితుడిని అడిగితే ఆయన శాంతి చేయించుకుంటే సరిపోతుందన్నాడు. చేయించారు. ఆ ఖర్చు ఎవరు పెట్టుకున్నారో నాకు తెలుసు, ఆమె చెప్పొద్దన్నందువల్ల రాయడం లేదు. పన్నెండు రోజులూ అక్కడే జరిగాయి.

ఇది అందరూ చేయగలరని నేను అనను. నమ్మకాలున్నవాళ్లను ఎగతాళి చేయడం నాకు ఇష్టం ఉండదు, నేనూ ముహూర్తం చూసుకునే ఇంట్లో చేరినదాన్నే. కానీ ఇల్లు ఇచ్చేరోజే ఒక మాట అనుకుని ఉంటే బాగుంటుంది కదా. "మాకు ఈ పట్టింపు ఉంది, అట్లాంటిది జరిగితే వసారా వాడుకోండి, శాంతి ఖర్చు మేం పెట్టుకుంటాం" అనో, ఇంకోటో. మొహమాటంగా ఉంటుంది నిజమే. కానీ వద్దనే మాట శవం గేటు దగ్గరకు వచ్చాక వినడం కన్నా, తాళంచెవులు అందుకునే రోజే వినడం నయం. కావాలంటే వేరే ఇల్లు చూసుకుంటారు.

మేష్టారి భార్య రెండు నెలలకు తన అన్నకొడుకు దగ్గరకు వెళ్లిపోయింది. అడ్వాన్సు ఒక్క రూపాయి తగ్గకుండా తీసుకెళ్లింది. ఆ వాటా మరుసటి నెలే బాడుగకు పోయింది. వచ్చినవాళ్లకు జరిగినదంతా దాచకుండా చెప్పే ఇచ్చిందట ఓనరమ్మ. వాళ్లు విని, ఒకరి మొహం ఒకరు చూసుకుని, కొళాయి ఎన్నిరోజులకోసారి వస్తుందని అడిగారట.